రెండు చిరునామాల పిల్లలు

నా ఉద్యోగం పేరు సమన్వయకర్త. ఆ మాటకి మా అమ్మకు చివరిదాకా నోరు తిరగలేదు. ఎవరైనా అడిగితే, "మా అమ్మాయి ఆఫీసుల మధ్య తిరుగుతుందండీ" అని చెప్పేది. నా నియామక పత్రంలో నా పని గురించి ఒకటిన్నర పేజీ రాశారు గానీ, అంత సరిగ్గా మాత్రం రాయలేదు.

పుట్టుకతోనే చెవుడో, చూపు తక్కువో, కాళ్ళూ చేతులూ సరిగా ఆడకపోవడమో ఉన్న పసిపిల్లల్ని వీలైనంత తొందరగా కనిపెట్టి, ఆ ఇళ్ళకి సాయం అందేలా చూడటం మా ప్రాజెక్టు పని. విజయవాడలో ఒక స్వచ్ఛంద సంస్థ దాన్ని నడిపేది. నిజానికి సాయం చేసేవాళ్ళు అప్పటికే ఉన్నారు. ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు ఉంది, ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు ఉంది, పట్నంలో ఆసుపత్రి ఉంది, చెవిటి పిల్లల బడి ఉంది. ఎవరి పని వాళ్ళు చేస్తూనే ఉన్నారు. ఒక గుమ్మం దాటి ఇంకో గుమ్మానికి వెళ్ళే దారిలోనే పిల్లలు తప్పిపోయేవాళ్ళు. ఆ దారిలో తోడు నడవడమే నా ఉద్యోగం.

తొంభైల మొదట్లో చేరి, రెండువేల దశకం చివర్లో రిటైరయ్యాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి, ఫారాలు ఎలా నింపాలి, రిపోర్టు ఎలా రాయాలి అని అడుగుతుంటారు. అవి ఆఫీసులో ఎవరైనా నేర్పుతారు. నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి చెప్తాను. నాకు పని వచ్చింది దాన్ని దిద్దుకోవడంలోనే.

నెల్లాళ్ళు ఊరికే కూర్చోవడం

మా మొదటి ప్రాజెక్టు ఆఫీసరు నరసింహారావుగారు. రెవెన్యూలో చేసి రిటైరై వచ్చారు. జేబులో రెండు పెన్నులు ఉండేవి. ఒకటి రాసేది, ఇంకొకటి అడిగినవాళ్ళకి ఇచ్చేది. ఆ రెండోది రాయదు.

చేరిన రోజునే ఆయన నాకొక పని చెప్పారు. "నెల్లాళ్ళు ఏ పనీ చెయ్యకమ్మా. ఒక్కో ఆఫీసుకీ వెళ్ళి బెంచీ మీద కూర్చో. ఎవరు ఎన్నింటికి టీ తాగుతారో, ఎవరికి ఎవరితో మాటల్లేవో చూసి రా." నాకు ఒళ్ళు మండింది. ఎమ్మే చదువుకుని బెంచీల మీద కూర్చోవడమేంటని ఇంటికెళ్ళి మా ఆయన మీద అరిచాను.

కానీ వెళ్ళి కూర్చున్నాను. ఉయ్యూరు దగ్గర ఒక ఊళ్ళో నర్సుకీ అంగన్‌వాడీ టీచరుకీ మూడేళ్ళుగా మాటల్లేవని తెలిసింది. తూకం మిషను దగ్గర వచ్చిన గొడవ. అప్పట్నించీ ఆ ఊళ్ళో ప్రతి పిల్లకీ రెండు పుస్తకాల్లో రెండు బరువులు. పిల్లలేమో బొద్దుగా, హాయిగా ఆడుకుంటున్నారు. ఆ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఇలాంటివి ఏ శిక్షణలోనూ చెప్పరు. నరసింహారావుగారి మీద నాకు తర్వాత కోపం వచ్చిన సందర్భాలున్నాయి గానీ, ఆ బెంచీల నెల మాత్రం ఆయనకి రుణపడి ఉన్నాను.

ఆకుపచ్చ కార్డు

రెండేళ్ళు గడిచాక నాకు కాస్త గర్వం పట్టింది. అన్ని ఆఫీసులకీ పనికొచ్చే ఒక కార్డు తయారుచేశాను. ఆకుపచ్చ అట్ట. పిల్ల పేరు, పుట్టిన తేదీ, ఎవరు ఎప్పుడు చూశారు, ఏం చెప్పారు, తర్వాత ఎక్కడికి పంపారు, అన్నిటికీ గడులు. నెలవారీ సమావేశంలో అందరూ మెచ్చుకున్నారు. నరసింహారావుగారు రాసే పెన్ను తీసి సంతకం చేశారు.

అందులో చిరునామాకి ఒక్క గడి ఉంది.

మన వైపు తొలికానుపు పుట్టింట్లోనే కదా. ఏడో నెలలో వచ్చిన అమ్మాయి బిడ్డని కని, మూడో నెలలోనో ఐదో నెలలోనో మంచిరోజు చూసుకుని అత్తింటికి వెళ్తుంది. ఈలోగా ఆ ఊరి అంగన్‌వాడీ టీచరుని అడిగితే, "మా ఊరి పిల్ల కాదండీ, ఆడపడుచు బిడ్డ. ఇవాళో రేపో వెళ్ళిపోద్ది, పేరెందుకు ఎక్కించడం" అనేది. అత్తింటి ఊరి టీచరుని అడిగితే, "ఇంకా రాలేదు కదండీ, వచ్చాక రాస్తాం" అనేది. చెవుడు కనిపెట్టాల్సిన మొదటి నెలల్లో పిల్ల ఏ పుస్తకంలోనూ ఉండేది కాదు. చిరునామా గడిలో మాత్రం అందరూ తండ్రి ఇల్లే రాసేవాళ్ళు. పిల్ల అక్కడి పిల్లే కదా మరి.

నా ఇద్దరు పిల్లలూ మా అమ్మ దగ్గరే పుట్టారు. నేను కూడా మా అమ్మమ్మ ఇంట్లోనే పుట్టాను. అయినా ఆ గడి గీస్తున్నప్పుడు నాకు అనుమానమైనా రాలేదు.

రహిమున్నీసాగారి తాళాలు

చల్లపల్లి దగ్గరి ఒక ఊళ్ళో ఉపకేంద్రం నర్సు పేరు రహిమున్నీసా. నాకన్నా పదేళ్ళు పెద్ద. లేడీస్ సైకిలు మీద నాలుగూళ్ళు తిరిగేది. ఊరంతా ఆవిడని నర్సమ్మగారు అని పిలిచేవాళ్ళు.

ఆ ఊళ్ళో వెంకటరత్నంగారనే రైతు ఇల్లాలు ఉండేది. ఆవిడ కూతురు కుమారి కానుపుకి వచ్చి ఆడపిల్లని కంది. ప్రసన్న అని పేరు పెట్టారు. సూది వెయ్యడానికి రహిమున్నీసాగారు వెళ్ళిన రోజున వంటింట్లో స్టీలు పళ్ళెం ఒకటి జారి పడింది. కుమారి ఉలిక్కిపడింది. వసారాలో పడుకున్న కుక్క లేచి నిలబడింది. ఉయ్యాల్లో పిల్ల కదల్లేదు.

ఆ రోజుకి రహిమున్నీసాగారు సూది వేసి వచ్చేసింది. వారం తర్వాత ఏదో వంక పెట్టుకుని మళ్ళీ వెళ్ళి, పిల్ల తల వెనక తన తాళాలగుత్తి ఆడించింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న వెంకటరత్నంగారు, "తాళాలు ఆడించక్కర్లేదు నర్సమ్మగారూ. నెల్లాళ్ళనించీ నేను ఆడిస్తానే ఉన్నా" అంది.

"అల్లుడుగారికి చెప్పారా?"

"ముందు మమ్మల్ని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి. మంచీచెడూ చూసుకుని మేమే చెప్పుకుంటాం."

ఇదంతా రహిమున్నీసాగారు నాకు నెలవారీ సమావేశంలో చెప్పింది. చివర్లో, "సుభద్రగారూ, అత్తారికి ఇంకా తెలీదు. కాస్త చూసుకోండి" అని మరీ చెప్పింది. విన్నాను. తలూపాను. పిల్ల పేరు, నెలలు, అనుమానం, అన్నీ కార్డులో ఎక్కించాను. ఈ చివరి మాట రాసుకోవడానికి మాత్రం కార్డులో గడి లేదు.

కార్డు ముక్క

చెవి పరీక్షకి తేదీ దొరకడం అప్పట్లో మాటలు కాదు. పసిపిల్లని నిద్రపుచ్చి, తలకి తీగలు అంటించి చేస్తారు. మూడు రోజులు పొద్దున్నే ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని తేదీ సంపాదించాను. ఆ సంబరంలో ఒక పోస్టుకార్డు తీసి, నా గుండ్రటి అక్షరాలతో, "మీ పాపకు వినికిడి లోపం ఉన్నట్లు అనుమానంగా ఉన్నది. ఫలానా తేదీన పరీక్షకు తీసుకురావలెను" అని రాసి, ప్రాజెక్టు ముద్ర కొట్టి, గడిలో ఉన్న చిరునామాకి పంపాను. అప్పటికి పిల్లకి మూడో నెల నిండుతోంది కాబట్టి అత్తింటికి వచ్చేసి ఉంటారనుకున్నాను. రిజిస్టరులో "ఉత్తరం పంపడమైనది" అని రాసి టిక్కు పెట్టాను.

పిల్ల అత్తింటికి రాలేదు. మంచిరోజు లేదని ప్రయాణం ఐదో నెలకి వాయిదా వేశారు. ఉత్తరం మాత్రం వచ్చింది. విజయవాడ ఆటోనగర్ వెనక వీధిలో ఇల్లు వాళ్ళది. కుమారి అత్తగారు అన్నపూర్ణమ్మగారికి చదువు రాదు. పోస్ట్‌మాన్ గుమ్మంలోనే నిలబడి, పక్కింటావిడ వింటుండగా చదివి వినిపించాడు.

పరీక్ష తేదీ నాటికి ఎవరూ రాకపోతే, "రాలేదు" అని రాసుకుని ఆ తేదీ ఇంకొకరికి ఇచ్చేశాను. తర్వాత మరిచిపోయాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. రాసేశాం, ఇక వాళ్ళ ఇష్టం అనుకోవడం ఈ ఉద్యోగంలో ఉన్న పెద్ద రోగం. నాకు అది బాగా ముదిరింది.

మూడు నెలల తర్వాత ఒక సమావేశం అయిపోయి అందరూ వెళ్ళిపోయాక, రహిమున్నీసాగారు ఆగింది. టీ గ్లాసులు కడిగి బోర్లిస్తూ అడిగింది.

"చల్లపల్లి పిల్ల అత్తారికి ఉత్తరం ఎవరు రాశారండీ?"

"నేనే. ఏం?"

"ఏం లేదు. మీ బదులు ఊళ్ళో నేను తిట్లు తింటున్నా."

అన్నపూర్ణమ్మగారు ఒక చుట్టం చేత కబురు పంపిందట. "పిల్లకి బాగోలేదని ఆఫీసునించి కార్డొచ్చింది. తెలిసే మా దగ్గర దాచారు. బాగయ్యాకే పంపండి." అది విని వెంకటరత్నంగారు నర్సే రాసి ఉంటుందనుకుని తలుపేసింది. "ఆ ఇల్లొక్కటే కాదు సుభద్రగారూ. ఆ వీధిలో ఇంకో నాలుగిళ్ళల్లో కూడా నన్ను రానివ్వట్లా. సూదులెయ్యాల్సిన పిల్లలున్నారక్కడ."

పిల్లని పరీక్షకి తీసుకెళ్తే లోపం ఒప్పుకున్నట్టని పుట్టింటివాళ్ళు కదలలేదు. లోపం లేదని కాగితం తెస్తే గానీ రానివ్వనని అన్నపూర్ణమ్మగారు పట్టుబట్టింది. చెవుడు ఉన్న పిల్లకి మాటలు రావాలంటే ఎంత చిన్నప్పుడు చెవి మిషను పెడితే అంత మంచిది. అప్పటికే ఆరో నెల నడుస్తోంది. కుమారి కాపురం కూడా గుమ్మంలో ఆగిపోయి ఉంది.

రెండో తప్పు

నరసింహారావుగారికి చెప్పాను. ఆయన, "ఒప్పుకోకమ్మా. ఆఫీసు తప్పని తెలిస్తే రేపు ఏ ఇంట్లోనూ మనల్ని అడుగు పెట్టనివ్వరు. కొన్నాళ్ళు ఆగు, అదే సర్దుకుంటుంది" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ప్రాజెక్టు పరువు తన పరువనుకునే మనిషి. నేను కూడా ఆ మాట వినాలనే ఆయన గదిలోకి వెళ్ళానేమో. ఆగాను. అంగన్‌వాడీ టీచరుని పంపాను, సర్పంచిగారి భార్య చేత చెప్పించాను. ఇంకో మూడు నెలలు అలాగే పోయాయి. ఉత్తరం తెలియక చేసిన తప్పు. ఇది తెలిసి చేసింది. నాకు ఇదే పెద్దది.

చివరికి ఒకరోజు ఆయనకి చెప్పకుండా చల్లపల్లి బస్సెక్కాను. ఉయ్యూరు దాటుతుంటే చెరుకు పాకం వాసన. దారంతా ఏం మాట్లాడాలో రాసుకున్నాను గానీ, దిగేసరికి కాగితం నలిపి సంచిలో పడేశాను.

వెంకటరత్నంగారు వాకిట్లో మినుములు చెరుగుతోంది. నన్ను కూర్చోమనలేదు. మన వైపు గుమ్మంలోకి వచ్చిన మనిషిని కూర్చోమనకపోవడమంటే ఎంత కోపమో చెప్పక్కర్లేదు.

"ఆ ఉత్తరం రాసింది నేనండీ. నర్సమ్మగారు కాదు. చూసుకోమని ఆవిడ చెప్పినా నేను చూసుకోలేదు" అన్నాను.

చేట ఆగలేదు. "చదువుకున్నావా?"

"చదువుకున్నానండీ."

"పిల్లలా?"

"ఇద్దరు."

"ఎక్కడ కన్నావు?"

"మా అమ్మగారింట్లో."

"మరి?" అంది.

కళ్ళనీళ్ళు వచ్చేశాయి. ఆవిడ నా ఏడుపు చూసి కరిగిపోలేదు, చూసీ చూడనట్టు చెరుగుతూనే ఉంది. కానీ మాటలు విన్న కుమారి పిల్లని ఎత్తుకుని బయటికి వచ్చింది. ప్రసన్న నా మొహంలోకి చూసి నవ్వింది. చెవిటి పిల్లలు మొహాలు చాలా బాగా చూస్తారు.

"దీనికి ఏవన్నా చేయొచ్చాండీ?" అని అడిగింది కుమారి.

"చేయొచ్చు. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది."

"మరి ఇన్నాళ్ళూ వచ్చి చెప్పలేదేం?"

"భయపడ్డానమ్మా."

అంతవరకూ నాకు అడగాలని తట్టని మాట అప్పుడు అడిగాను. "మీ అత్తారింట్లో ముందు ఎవరితో మాట్లాడమంటావు?"

ఆ అమ్మాయి ఆలోచించుకోలేదు కూడా. "ఆయనతోనండీ. ఆయనకి తెలీదు. రెండుసార్లు వచ్చారు. ఇది నవ్వుతుంటే మురిసిపోయారు. నాకు నోరు రాలేదు. అత్తయ్యగారు కార్డు సంగతి ఆయనకి చెప్పలేదు, మంచిరోజుల్లేవని చెప్తున్నారంట. మీరు ఇంటికి వెళ్ళకండి. షెడ్డుకి వెళ్ళండి."

ఆటోనగర్లో

శ్రీనివాసరావు లారీ బాడీలు కట్టే షెడ్డులో వడ్రంగి. నేను వెళ్ళేసరికి ఒక పక్క రేకు మీద సుత్తులు, ఇంకో పక్క రంపం మిషను. నా గొంతు నాకే వినపడలేదు. అక్కడ ఎవరూ ఒకరినొకరు పిలవడం లేదు. వేళ్ళు చూపిస్తే మేకు అందుతోంది, అరచెయ్యి తిప్పితే చెక్క తిరుగుతోంది. అతను నన్ను చూసి, బయటికి పదమని చేత్తోనే చెప్పాడు.

రోడ్డు పక్కన టీ బండి దగ్గర నిలబడి అంతా చెప్పాను. ఉత్తరం, తారీఖులు, నా భయం, అన్నీ. అతను గ్లాసు కింద పెట్టి ఒక్కటే అడిగాడు.

"నా గొంతు దానికి వినపడదా?"

"ఇప్పుడు వినపడదు. మిషను పెడితే కొంత వినిపించొచ్చు. పరీక్ష చెయ్యందే చెప్పలేం."

"మీకు ఎప్పట్నించి తెలుసు?"

"మూడో నెల్నించి."

"ఇప్పుడు పదో నెల," అని లోపలికి వెళ్ళిపోయాడు. కోపంతో పోయాడనుకున్నాను. నేను కూడా బండి దగ్గర్నించి కదలబోతుంటే, చొక్కా మార్చుకుని, క్యారేజీ పట్టుకుని వచ్చాడు.

"ఎక్కడికి?" అన్నాను.

"బస్టాండుకి. దాన్ని తీసుకొస్తా."

నాకు నోటి అలవాటు కొద్దీ, "ఇవాళ మంగళవారం బాబూ" అనేశాను.

"ఆగితే దానికి ఇంకో రోజు పోద్దిగా," అన్నాడు.

నేనే అతన్ని ఆపాను. ముందు పరీక్ష తేదీ సంపాదిస్తాను, ఆ రోజున కుమారినీ పిల్లనీ వాళ్ళమ్మగారినీ తీసుకురండి, మీ అమ్మగారు కూడా రావాలి అన్నాను. ఆవిడెందుకన్నాడు. ఆవిడకి ఈ సంగతి ఇంతవరకూ ఒక కార్డు ముక్క తప్ప ఎవరూ చెప్పలేదు, ఈసారి మనిషి చెప్పాలి అన్నాను. ఆ సాయంత్రం అతను వాళ్ళమ్మతో ఏం మాట్లాడాడో నాకు తెలీదు. ఆవిడ మాత్రం వచ్చింది.

ఆసుపత్రి వరండా

కుమారీ శ్రీనివాసరావూ పిల్లతో లోపలికి వెళ్ళారు. అమ్మమ్మా నాయనమ్మా ఒకే బెంచీకి చెరో చివర కూర్చున్నారు. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ. నేను వెళ్ళి అందులో కూర్చున్నాను. గంటన్నర సేపు ఇద్దరూ నాతోనే మాట్లాడారు. వెంకటరత్నంగారు మినుముల గురించి, అన్నపూర్ణమ్మగారు కరెంటు కోతల గురించి. ఒకరి మాట ఇంకొకరికి వినపడేంత గట్టిగానే మాట్లాడారు.

డాక్టరుగారు అందరినీ లోపలికి పిలిచి, రెండు చెవులూ చాలా తక్కువ వింటున్నాయని చెప్పారు. అన్నపూర్ణమ్మగారు వెంటనే, "ఎవరి వైపు నించి వచ్చిందండీ?" అని అడిగింది. వెంకటరత్నంగారు డాక్టరుగారి వైపు తిరిగింది. ఆ ప్రశ్న కోసమే ఇద్దరూ అన్ని నెలలూ ఆగారు.

"నాకు తెలీదమ్మా. తెలిసినా దాంతో దీనికి మాటలు రావు. మూడో నెల్లో తెచ్చుంటే ఈపాటికి మిషను పెట్టుకుని ఆర్నెల్లయ్యేది. ఎప్పుడు మొదలెడతారో చెప్పండి," అన్నారాయన.

బయటికి వచ్చాక అన్నపూర్ణమ్మగారు చేతులు చాచి పిల్లని తీసుకుంది. బారసాల నాడు చూడటమే, మళ్ళీ ఇప్పుడే. కొత్త మొహం చూసి ప్రసన్న గుక్కపట్టి ఏడ్చింది. ఆవిడ తిరిగి ఇవ్వలేదు. భుజాన వేసుకుని, "ఇంటికి పోదాం పదండి" అంది.

"బట్టలు తెచ్చుకోలేదు వదినగారూ. సారె కూడా సర్దలేదు. రోజు కూడా..." అని వెంకటరత్నంగారు తడబడింది.

"మా ఇంట్లో బట్టల్లేవా?" అంది అన్నపూర్ణమ్మగారు. కుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు. నేను మాత్రం ఏడ్చాను.

తర్వాత మార్చినవి

ప్రసన్నకి మొదటి పుట్టినరోజుకి కాస్త ముందు చెవి మిషను వచ్చింది. అప్పటివి డబ్బీ రకం. అగ్గిపెట్టె కన్నా పెద్ద డబ్బీ, దాన్నించి చెవులకి తీగలు. నాయనమ్మ దానికి గుడ్డ సంచి కుట్టి గుండెల మీద కట్టేది. చెవిటి పిల్లల బడి టీచరు పిల్లతో ఎలా మాట్లాడాలో కుమారికి నేర్పితే, కుమారి ఇంట్లో అందరికీ నేర్పింది. మాటలు వచ్చాయి. "బాగా వచ్చాయి, కానీ మధ్యలో పోయిన ఆ ఎనిమిది నెలలూ ఉంటే ఇంకా బాగుండేవి" అని ఆ టీచరు నా మొహాన్నే చెప్పింది. చెప్పాల్సిందే. కొత్తవాళ్ళు ప్రసన్న మాట కాస్త చెవి ఒగ్గి వినాలి.

నేను రహిమున్నీసాగారితో కలిసి ఆ వీధిలో నాలుగిళ్ళకీ వెళ్ళి, తప్పు నాదని చెప్పాను. ఒక ఇంట్లో మజ్జిగిచ్చారు, ఒక ఇంట్లో దులిపేశారు. తిరిగొస్తూ ఆవిడ సైకిలు నడిపించుకుంటూ, "ఇంకా మూడూళ్ళున్నాయి, అక్కడ కూడా చెప్తారా?" అని నవ్వింది. అప్పట్నించీ మేమిద్దరం స్నేహితులమే. ఏ కొత్త కాగితమైనా ఆవిడకి చూపించాకే అచ్చుకిచ్చేదాన్ని.

ఆకుపచ్చ కార్డులు పెట్టెలకొద్దీ మిగిలి ఉన్నాయని నరసింహారావుగారు గొణిగారు. అయినా కొత్తవి వేయించాం. అందులో పుట్టింటి చిరునామా ఒకటి, అత్తింటిది ఒకటి, ఇంకో గడిలో "ముందు ఎవరితో మాట్లాడాలి?" అని. దాన్ని తల్లిని విడిగా అడిగి, ఆమె చెప్పినట్టే రాయాలి. రెండూళ్ళ టీచర్లూ పిల్ల పేరు ఎక్కించాలి. ఒకే పిల్ల రెండు పుస్తకాల్లో ఉంటే లెక్క తప్పుతుందని పైవాళ్ళు అభ్యంతరం చెప్పారు. లెక్క తప్పితే నేనొచ్చి దిద్దుతానన్నాను. ఉయ్యూరు వైపు చెరుకు కొట్టడానికి వచ్చే కుటుంబాలకి కూడా ఆ రెండు గడులే పనికొచ్చాయి.

ఇప్పుడు మీ చేతుల్లో సెల్‌ఫోన్లు ఉన్నాయి. నా కార్డు మూడు రోజులకి చేసిన పని మీరు ఒక్క నిమిషంలో చేయగలరు. ఎవరి ఫోనుకి చేస్తున్నారో, ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుందో ఆ తల్లిని అడిగి చెయ్యండి. తప్పు చేస్తే మీరే వెళ్ళండి, వేరేవాళ్ళని పంపకండి. పై ఆఫీసరు ఆగమంటే ఆయన మాట మర్యాదగా విని, పిల్ల వయసు నెలల్లో లెక్కపెట్టుకోండి.

ఆ వీధిలో ఇంకో ఇల్లు

రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు అదే ఆటోనగర్ వెనక వీధిలో ఇంకొక ఇంటికి తిరుగుతున్నాను. కోడలు పుట్టింట్నించి వచ్చింది, బాబుకి నాలుగో నెల. వాడికి వినపడట్లేదని ఆ అమ్మాయికి అనుమానం. అత్తగారితోనే మాట్లాడమని తనే చెప్పింది. ఆ పెద్దావిడ మూడుసార్లు నన్ను గుమ్మంలోంచే పంపేసింది. "మా వంశంలో అలాంటివి లేవండీ" అంటుంది, అంతే. నాలుగోసారి గేటు దగ్గర నిలబడి, ఏ మాటతో మొదలెట్టాలా అని చూస్తున్నాను.

అన్నపూర్ణమ్మగారు కూరల సంచితో అటు వచ్చింది. పక్కన ప్రసన్న, బడి గౌనులో, రెండు జడలతో. ఏంటి ఇక్కడున్నారని అడిగింది. ఒక ఇంటి సంగతి ఇంకొకరికి చెప్పకూడదు కాబట్టి ఊరికే వచ్చానన్నాను. ఆవిడ నన్నూ, ఆ ఇంటినీ, లోపల కనిపిస్తున్న ఉయ్యాలనీ మార్చి మార్చి చూసింది. ఇంకేం అడక్కుండా గేటు తీసుకుని నాకన్నా ముందే లోపలికి వెళ్ళింది.

"ఏవమ్మా, ఇది నా మనవరాలు. దీనికి చెవుడు," అంది. వీధికంతా వినపడేంత గట్టిగా అంది. "మూడో నెల్లోనే మాకు తెలిసింది. నేనే కొడుక్కి కూడా చెప్పకుండా దాచా. పరువనుకున్నా. ఎనిమిది నెలలు. అవి నావి కావమ్మా, దీని నెలలు. నేను తినేశా."

అందులో సగం నేను తిన్నవని చెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ ఆగమని చెయ్యి చూపించింది.

ఈలోగా ప్రసన్న ఉయ్యాల దగ్గరికి వెళ్ళి, తొంగి చూసి, పెద్దావిడ పెదాల మీద చూపు పెట్టి, తన గొంతుతో, తన తీరులో అడిగింది.

"బాబు పేరేంటండీ?"

ఆ పెద్దావిడ పిల్ల మొహానికి ఎదురుగా వంగింది. పేరు చెప్పింది. ప్రసన్న ఆ పేరు తిరిగి పలికింది. పెద్దావిడ కళ్ళు తుడుచుకుని, నా వైపు తిరిగింది.

"ఎన్నింటికి రమ్మంటారు?" అని అడిగింది.